స్టిక్కర్ ఊడదీసే ముందు చూడాల్సింది జిగురును కాదు

గాజు సీసా మీద మిగిలిన బంకకు అసిటోన్ అనే ఘాటైన ద్రవం పెడితే రెండు తుడుపుల్లో పోతుంది. అదే అసిటోన్ పాత బొమ్మ కారు మీద పెడితే బంకతో పాటు తలుపు మీది రేసు నంబరు కూడా చెరిగిపోతుంది. సీడీ డబ్బా మీద పెడితే ఆ చోట ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది, ఇక ఎంత తుడిచినా తేటపడదు. మూడు చోట్లా బంక ఒకటే, మందు ఒకటే. తేడా అంతా కింద ఉన్న వస్తువులో ఉంది.

స్టిక్కర్లు తీయడం గురించి చిట్కాలకు కొదవ లేదు. నూనె రాయమని ఒకరు, హెయిర్ డ్రయ్యర్ పెట్టమని ఒకరు, లైటర్ ఫ్లూయిడ్ వాడమని ఇంకొకరు చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ చిట్కా ఏదో ఒక వస్తువు మీద పనిచేసిందే. కానీ అవన్నీ "బంక దేనితో పోతుంది" అన్న ప్రశ్నకు జవాబులు. ఏళ్లనాటి కామిక్, పాత రికార్డు కవరు, సీలు విప్పని బొమ్మ చేతిలో ఉన్నప్పుడు మొదట అడగాల్సింది అది కాదు. ఈ కాగితం, ఈ రంగు, ఈ ప్లాస్టిక్ దేన్ని తట్టుకుంటుంది? ముందు అది తేల్చుకోవాలి. తట్టుకునే వాటిలో బంకను కదిలించేది ఏదో ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ వరస తిరగబడినప్పుడే వస్తువులు పాడవుతున్నాయి.

అసలు అదెలా అంటుకుంది

మామూలు గమ్మును తడిగా రాస్తాం. నీరు ఆరాక అది గట్టిపడి పట్టుకుంటుంది. స్టిక్కర్ జిగురు అలా కాదు, దానికి ఆరడం అంటూ ఉండదు. ఎప్పటికీ మెత్తగా ఉండేలా తయారుచేసిన పదార్థం అది. వేలితో నొక్కగానే ద్రవంలా కదిలి, కింది ఉపరితలంలో కంటికి కనిపించని గుంటల్లోకి పాకుతుంది. లాగబోతే ఘనపదార్థంలా ఎదురు తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచేది అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ ఆకర్షణ. విడిగా చూస్తే అది చాలా బలహీనమైనదే. అయితే జిగురు ఎంత బాగా పరుచుకుంటే అన్ని ఎక్కువ చోట్ల ఆ పట్టు దొరుకుతుంది.

అంటించిన తర్వాత కూడా ఈ పాకడం ఆగదు. అందుకే కొత్త స్టిక్కర్ తేలిగ్గా ఊడుతుంది, నిరుడు అంటించింది మొండికేస్తుంది, ఇరవయ్యేళ్ల కిందటిది కాగితాన్ని కూడా పట్టుకుని వస్తుంది. కొన్న వస్తువు మీద ధర స్టిక్కర్ ఉండి, దాన్ని తీసేయాలనే అనుకుంటే "తర్వాత చూద్దాం" అనకండి. తీయడానికి అంతకన్నా మంచి రోజు మళ్లీ రాదు.

స్టిక్కర్ జిగుర్లలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి రబ్బరుకు జిగట తెచ్చే రెజిన్ కలిపి చేసింది, రెండోది అక్రిలిక్. రబ్బరు జిగురుకు వయసు మీద పడితే స్పష్టంగా తెలుస్తుంది. మొదట కారినట్టయి నూనెలా కాగితంలోకి ఇంకుతుంది, ఆ చోట కాగితం పారదర్శకంగా కనిపిస్తుంది. తర్వాత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. చివరికి దాని అణువులు ఒకదానికొకటి ముడిపడిపోయి పెళుసుగా గట్టిపడుతుంది. ఆ దశలో టేపు దానంతటదే ఊడి పడిపోతుంది, గోధుమ రంగు చార మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది. అక్రిలిక్ జిగురు ఇలా రంగు మారదు. ఏళ్ల తరబడి తెల్లగా, తేటగా, జిగటగా ఉంటుంది. కానీ పట్టు మాత్రం పెరుగుతూ పోతుంది. కాబట్టి మిగిలిన బంక రంగు చూస్తేనే అది ఏ జాతిదో చాలావరకు అంచనా వేయొచ్చు.

వస్తువు వయసు కూడా ఒక ఆధారం. 3ఎం సంస్థలో పనిచేసిన రిచర్డ్ డ్రూ పారదర్శకమైన సెల్లోఫేన్ టేపును 1930లో తెచ్చాడు. నీటితో తడపనక్కర లేకుండా అంటుకునే లేబుళ్ల వ్యాపారాన్ని స్టాన్ ఏవరీ మొదలుపెట్టింది 1935లో. అంతకు ముందు వేసిన లేబుల్ అయితే దాని వెనక ఉన్నది పిండి జిగురో, తుమ్మ బంకో, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురో అయి ఉండే అవకాశం ఎక్కువ. వీటికి లైటర్ ఫ్లూయిడ్ ఎంత పోసినా ఫలితం ఉండదు. వీటిని కదిలించేది తేమే.

టేపు ఎంత చేటు చేయగలదో తెలియాలంటే మృత సముద్రపు చుట్టలనే ప్రాచీన యూదు రాతప్రతుల చరిత్ర చాలు. 1950లలో జెరూసలెంలో పండితులు ఆ రెండు వేల ఏళ్ల నాటి తోలు ముక్కలను సెల్లోటేపుతో జతపరిచారు. అప్పటికి అది కొత్త సరుకు, శుభ్రంగా, సౌకర్యంగా కనిపించింది. జిగురు తోలులోకి ఇంకి అంచులు నల్లబడ్డాయి, కొన్నిచోట్ల అక్షరాలు కనిపించకుండా పోయాయి. ఇజ్రాయెల్ పురావస్తు సంస్థ ఇందుకోసం 1991లో ప్రత్యేకంగా ల్యాబ్ పెట్టి, ఆ టేపును ఒక్కో ముక్క నుంచి తీయించే పని దశాబ్దాలుగా సాగిస్తోంది. అంటించడానికి క్షణం పట్టిన దాన్ని తీయడానికి ఒక తరం పట్టింది. చిరిగిన పోస్టరుకు టేపు వేద్దామనిపించినప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుకొస్తే మేలు.

అది బంకేనా?

సాల్వెంట్, అంటే బంకను కరిగించే ద్రవం, సీసా మూత తీసే ముందు తేల్చుకోవాల్సిన అనుమానం ఇది. స్టిక్కర్ తీశాక కనిపించే ప్రతి చారా బంక కాదు. ఎండ తగిలే చోట ఏళ్లపాటు ఉన్న అట్ట చుట్టూ వెలిసిపోతుంది, స్టిక్కర్ కింద ఉన్న భాగం మాత్రం అసలు రంగులోనే ఉంటుంది. స్టిక్కర్ పోయాక ముదురు రంగు చతురస్రం ఒకటి తేలుతుంది. దాన్ని చూసి "ఇంకా పోలేదు" అనుకుని రుద్దుతూ పోతే చివరికి అచ్చు లేస్తుంది. నిజానికి ఆ చతురస్రమే బాగున్న భాగం, పాడైంది మిగతా అట్ట. దానికి మందు లేదు. వెలుతురును పక్క నుంచి పడేలా పట్టి చూడండి. బంక అయితే మెరుపులో తేడా కనిపిస్తుంది, శుభ్రమైన వేలి వెనక భాగంతో తాకితే కాస్త పట్టినట్టుంటుంది. రంగు తేడా మాత్రమే అయితే ఈ రెండూ ఉండవు.

మెత్తని పీవీసీ బొమ్మలు ఒళ్లంతా జిగటగా మారడం ఇంకో కేసు. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి ఊరడం వల్ల అలా అవుతుంది. ఏ స్టిక్కరూ అంటించకపోయినా అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా డిష్‌వాష్ లిక్విడ్ కలిపి కడిగితే కొంతకాలం బాగుంటుంది, సాల్వెంట్ పెడితే ఉన్న మెత్తదనం కూడా పోతుంది. పాత కెమెరాలు, గేమ్ కంట్రోలర్ల మీద రబ్బరులా తగిలే పూత కరిగి బంకలా మారడం కూడా ఇలాంటిదే. అక్కడ జిగటగా ఉన్నది పూతే. దాన్ని తుడిస్తే మొత్తం పూత వచ్చేస్తుంది.

తీయాలా వద్దా

ఇది చాలామంది దాటేసే ప్రశ్న. సేకరణల లోకంలో కొన్ని స్టిక్కర్లకు సొంత విలువ ఉంది. రికార్డు కవరు పైని పలచని ప్లాస్టిక్ మీద కంపెనీయే అంటించిన ప్రచార స్టిక్కర్లను వెతుక్కుని కొనేవాళ్లున్నారు. పాత పుస్తకం లోపలి అట్ట మీద వేలిగోరంత ఉండే పుస్తక విక్రేత చీటీ ఆ ప్రతి ఎక్కడ తిరిగిందో చెబుతుంది. పెయింటింగ్ వెనక ఉండే ప్రదర్శనల లేబుళ్లు, వేలంపాట నంబర్లు దాని చరిత్రకు సాక్ష్యాలు. వాటిని శుభ్రత పేరుతో పీకేస్తే ఆ సాక్ష్యం మళ్లీ రాదు. నా అభిప్రాయం అడిగితే, యాభై ఏళ్ల కిందటి దుకాణం ధర చీటీ నీటుగా ఓ మూల ఉంటే దాని జోలికి పోకపోవడమే మంచిది. అడ్డదిడ్డంగా బొమ్మ మొహం మీద అంటించిన నిన్నటి డిస్కౌంటు స్టిక్కర్ సంగతి వేరు. ఏది ఏమైనా తీసే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

ముందు చేత్తో

రసాయనం దాకా పోకుండా స్టిక్కర్ వచ్చేస్తే అంతకన్నా ఏం కావాలి? లాగే పద్ధతిలోనే సగం పని ఉంది. నెమ్మదిగా లాగితే జిగురుకు పారడానికి వ్యవధి దొరికి తక్కువ బలంతో వదులుతుంది. చటుక్కున లాగితే అదే జిగురు రాయిలా బిగుసుకుంటుంది, ఆ బలమంతా కింది కాగితం మీద పడుతుంది. గాయం మీది ప్లాస్టర్ పీకే అలవాటు ఇక్కడ పనికిరాదు. మూల లేపి, పైకి ఎత్తకుండా స్టిక్కర్‌ను దాని మీదకే వెనక్కి మడిచి, వస్తువుకు దాదాపు ఆనుకునేలా లాగాలి. ఆగి ఆగి లాగితే ఆగిన చోటల్లా గీత పడుతుంది, కాబట్టి ఒకే వేగంతో సాగనివ్వాలి.

ధర గన్‌తో కొట్టే చిన్న స్టిక్కర్లలో మధ్యన వంకర కోతలు ఉండటం గమనించే ఉంటారు. ఒక వస్తువు చీటీ ఇంకోదానికి మార్చకుండా, లాగగానే ముక్కలైపోవాలని కావాలనే పెట్టిన కోతలవి. వీటిని ఒక మూల నుంచి లాగాలని పట్టుదలకు పోవద్దు. ప్రతి ముక్కనూ విడి స్టిక్కర్ అనుకుని తీయాలి.

వేడి జిగురును మెత్తబరుస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, కాస్త ఎడంగా పట్టి, చేతికి వెచ్చగా తగిలేదాకా కదుపుతూ ఉంటే చాలు. గట్టి ప్లాస్టిక్, గాజు, రేకు డబ్బాల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. రికార్డు మీద మాత్రం వద్దు, వినైల్ వేడికి వంకర పోతుంది. సీలు తీయని పెట్టెల మీద అసలే వద్దు. ఆ పలచని ప్లాస్టిక్‌ను బిగించింది వేడే, మళ్లీ వేడి తగిలితే ఇంకా ముడుచుకుని పెట్టె మూలలను నొక్కేస్తుంది లేదా చిరుగుతుంది. మెరుపు పూత ఉన్న ట్రేడింగ్ కార్డులు వంగుతాయి. ఇంకో చిన్న సంగతి: ఈ కాలపు బరువు-ధర చీటీలు చాలావరకు థర్మల్ కాగితం. వేడి తగిలినా, ఆల్కహాల్ తగిలినా నల్లబడతాయి. పారేసేదే కదా అనుకుంటే గొడవ లేదు, దాచుకోవాలనుకుంటే ఆ రెండూ తగలనివ్వకండి.

ఫ్రీజర్‌లో పెట్టే చిట్కాకు ఉన్నంత పేరు దాని ఫలితానికి లేదు. మామూలు స్టిక్కర్ జిగురు పూర్తిగా పెళుసు కావడానికి ఇంటి ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీలు సాధారణంగా చాలవు. మందంగా పేరుకున్న మెత్తని బంకకు కొంత పనిచేస్తుంది. బయటికి తీశాక వస్తువు మీద పట్టే తేమ కాగితానికి అదనపు బెడద.

కరగడం వేరు, ఉబ్బడం వేరు

సాల్వెంట్ల దగ్గర జరిగే పొరపాట్లలో పెద్దది తొందర. కొత్త బంక సాల్వెంట్‌లో నిజంగానే కరుగుతుంది. పాతబడి అణువులు ముడిపడిన బంక కరగదు, సాల్వెంట్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది, అంతే. ఉబ్బినప్పుడు కింది దాని మీద పట్టు సడలుతుంది. ఆ సమయంలో మెల్లగా దొర్లిస్తే ఉండలు కట్టి వచ్చేస్తుంది. ఇది తెలియనివాళ్లు "పనిచేయడం లేదు" అని ఇంకా ఘాటైన మందుకు పోతారు, ఇంకా గట్టిగా రుద్దుతారు. కావాల్సింది అదే మందు, ఇంకాస్త ఓపిక.

ఏ సాల్వెంట్ దేనికి? లైటర్ ఫ్లూయిడ్ అంటే నాఫ్తా. దూది పెట్టిన పాతకాలపు సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం ఇది. గ్యాస్ లైటర్‌లో నింపే బ్యూటేన్ కాదు. రబ్బరు జాతి బంకకు ఇది సరిజోడు. నీరు ఉండదు కాబట్టి కాగితాన్ని ముడతలు పడనివ్వదు, నూనె మిగల్చకుండా ఆవిరైపోతుంది, చాలా అచ్చు సిరాలను ముట్టుకోదు. కామిక్స్, పుస్తకాలు సేకరించేవాళ్లు దీన్నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అక్రిలిక్ బంకను ఉబ్బించి పట్టు వదిలిస్తుంది, చాలా గట్టి ప్లాస్టిక్‌లకు హాని చేయదు. కానీ బాల్‌పెన్ సిరాను, మార్కర్ సంతకాలను పారిస్తుంది. 70 శాతం సీసాలో మిగతా 30 శాతం నీరేనని మర్చిపోతే కాగితం అలలు అలలుగా లేస్తుంది. కాగితం దగ్గర వాడాల్సి వస్తే 99 శాతంది తీసుకోవాలి.

నిమ్మ జాతి తొక్కల నూనె, అంటే లిమొనీన్ కలిపిన క్లీనర్లు బంకను బాగా తీస్తాయి, వాసన కూడా బాగుంటుంది. దాంతో ఇవి మెతకవని అనుకుంటారు. లిమొనీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. సీడీ డబ్బాలు, చాలా ప్లాస్టిక్ మోడల్ కిట్లు పాలీస్టైరీనే. కాగితం మీద ఇది జిడ్డు మరక మిగులుస్తుంది. వంటనూనె, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే పరిస్థితి కూడా కాగితం విషయంలో అంతే. గాజు, పింగాణీ, పూత లేని లోహం అయితే హాయిగా వాడుకోవచ్చు, తర్వాత సబ్బు నీటితో కడిగేయొచ్చు.

అసిటోన్ చివరి అస్త్రం. గాజు, పింగాణీ, లోహం, పాలిథిన్, పాలీప్రొపైలీన్ దీన్ని తట్టుకుంటాయి. పాలీస్టైరీన్, ఏబీఎస్ (గట్టి బొమ్మల ప్లాస్టిక్), అక్రిలిక్, పీవీసీ, సెల్యులాయిడ్, మామూలు పెయింటు తట్టుకోవు. పాత సెల్యులాయిడ్ బొమ్మ మీద ఒక్క చుక్క పడితే ఆ చోట మొహం కరిగిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను అసిటోన్‌కు బదులు వాడటం అంతకన్నా అన్యాయం. అందులో రంగు, సువాసన, నూనెలు కలుపుతారు, అవి వస్తువు మీద మిగులుతాయి. "అసిటోన్ లేనిది" అని రాసి ఉన్నదానిలో తరచుగా ఉండేది ఇథైల్ అసిటేట్. అది కూడా ప్లాస్టిక్‌ను తినేదే.

వంటసోడా, టూత్‌పేస్ట్, తెల్లని మెలమైన్ స్పాంజి సాల్వెంట్లు కావు, అవి గరుకు పదార్థాలు. బంకను అరగదీస్తాయి, దాంతో పాటే మెరుపునూ అరగదీస్తాయి. సేకరణ వస్తువుల దగ్గరికి వీటిని రానివ్వకూడదనే నేను అంటాను.

మంట సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. నాఫ్తా, అసిటోన్ రెండూ మామూలు గది ఉష్ణోగ్రతలోనే అంటుకునేంత ఆవిరి వదులుతాయి. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, బల్ల మీద నుంచి నేల మీదికి పాకుతుంది. కాబట్టి వేడి పద్ధతినీ సాల్వెంట్ పద్ధతినీ ఒకేసారి కలపొద్దు. కిటికీలు తెరిచి, దగ్గర్లో స్టవ్, దీపం, సిగరెట్ లేకుండా చూసుకోవాలి. హెక్సేన్ ఉన్న క్లీనర్లను మూసిన గదిలో రోజూ పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. తడిసిన దూదిని గదిలోని చెత్తబుట్టలో వేయకుండా బయట ఆరనివ్వండి.

కాగితం దగ్గర అసలు పరీక్ష

ప్లాస్టిక్ అయితే తప్పు కంటికి వెంటనే కనిపిస్తుంది. కాగితం అలా కాదు, లోపలికి పీల్చుకుంటుంది. అట్ట నున్నగా పూత వేసినదా, పూత లేని ముతక కాగితమా అన్నది మొదట చూడాలి. పూత ఉంటే బంక పైనే ఆగుతుంది. పూత లేకపోతే పీచుల్లోకి దిగుతుంది, లాగితే స్టిక్కర్‌తో పాటు పై పొర కూడా లేచి తెల్లని మచ్చ మిగులుతుంది.

నున్నని కామిక్ అట్ట మీద కాగితపు ధర స్టిక్కర్ ఉందనుకుందాం. ముందు అట్ట లోపలి వైపున, ఎవరికీ కనిపించని మూలలో ఇయర్ బడ్‌తో నాఫ్తా చుక్క పెట్టి, ఆరాక రంగు బడ్‌కు అంటిందేమో చూడాలి. అంటకపోతే అట్ట కింద, లోపలి పేజీలకు అడ్డంగా, తెల్లని బ్లాటింగ్ కాగితం పెట్టాలి. తర్వాత చుక్క చుక్కగా స్టిక్కర్ మీదే వేయాలి. కాగితపు స్టిక్కర్ తడిసి మసక గాజులా మారుతుంది, దాని కింద అచ్చయిన అక్షరాలు కనిపిస్తాయి. అట్ట కూడా తడిసిన చోట నల్లబడినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. భయం లేదు, నాఫ్తా ఆవిరయ్యాక ఆ నలుపు పోతుంది. అర నిమిషం ఆగి, పలచని ప్లాస్టిక్ కార్డు అంచుతో మూల లేపాలి. వస్తే నెమ్మదిగా సాగనివ్వాలి, ఎదురు తిరిగితే ఇంకో చుక్క. లేచిన భాగం మళ్లీ అంటుకోకుండా కింద సిలికాన్ కాగితం (బంక అంటని నున్నని కాగితం) ముక్క దూరిస్తే పని సుఖంగా ఉంటుంది.

స్టిక్కర్ ప్లాస్టిక్‌దైతే సాల్వెంట్ దాని గుండా దిగదు, అంచుల నుంచే పంపాలి. పూత లేని కాగితమైతే వెనక వైపు నుంచి తడపడం మేలు.

ఇప్పుడు మిగిలిన బంక. దీన్ని తుడిచే చోటే చాలామంది దెబ్బతింటారు. తడి దూదితో ముందుకీ వెనక్కీ రుద్దితే కరిగిన బంక చుట్టూ పరుచుకుంటుంది, కాగితం పీల్చుకుంటుంది, తడి ఎక్కడ ఆగిందో అక్కడ పసుపు గీత కడుతుంది. సాల్వెంట్ ఆవిరవుతూ తనలో కరిగిన బంకను తడి అంచుకు మోసుకుపోయి అక్కడ వదిలేయడం వల్ల వచ్చే గీత అది. ఒకసారి పడిన గీతను తీయడం స్టిక్కర్ తీయడం కన్నా కష్టం. అందుకే ఇయర్ బడ్‌ను రుద్దకుండా, బయటి నుంచి లోపలికి దొర్లించాలి. ఒక్కసారి దొర్లించాక ఆ బడ్ పని అయిపోయినట్టే, కొత్తది తీసుకోవాలి. పసుపు ఎక్కిన బడ్‌లు పక్కన కుప్పగా పడుతున్నాయంటే బంక కాగితంలోంచి దూదిలోకి వస్తోందన్నమాట. బంక మందంగా ఉంటే క్రేప్ రబ్బరు ముక్క అంతకన్నా మంచిది. పొడిగా, మెల్లగా అద్దుతూ దొర్లిస్తే బంక దానికి ఉండలుగా చుట్టుకుంటుంది, అసలు తడే అక్కర్లేదు.

కాగితం లోపలికి ఇంకి గోధుమ రంగుకు తిరిగిన పాత టేపు మరక ఇంట్లో తీసేది కాదు. మ్యూజియం సంరక్షకులు అలాంటి దానికి గాలిని కిందికి లాగే సక్షన్ బల్ల, సాల్వెంట్‌ను పట్టి ఉంచే జెల్‌లు వాడతారు, అయినా పూర్తిగా పోతుందని మాట ఇవ్వరు. సంతకం ఉన్న ప్రతి, చేతిరాత, నీటిరంగులు, లేజర్ ప్రింటు ఉంటే ప్రయోగాలు మానుకోండి.

మిగతా వస్తువులు

తపాలా బిళ్లల్లో పాత వాటి వెనక గమ్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి కవరు ముక్కతో సహా నానబెడితే చాలు. వాడనివైతే ఆ గమ్మే విలువ, తడపడానికి లేదు. స్వయంగా అంటుకునే బిళ్లలు 1964లో సియెరా లియోన్‌తో మొదలయ్యాయి. అమెరికా 1974లో క్రిస్మస్‌కు ప్రయోగంగా వేసిన బిళ్లలో జిగురే కాగితంలోకి ఊరి మచ్చలు తెచ్చింది. నీటికి లొంగని కొత్త తరం బిళ్లలకు సేకర్తలు లిమొనీన్ ఉన్న స్ప్రేతో కవరును వెనక నుంచి తడిపి, బిళ్ల విడిపోయాక మిగిలిన జిగట మీద టాల్కం పౌడర్ అద్దుతారు. చవకైన కిటుకే, కానీ పనిచేస్తుంది.

నాణేల దగ్గర లెక్క తిరగబడుతుంది. పూత, పెయింటు లేని లోహాన్ని శుద్ధమైన అసిటోన్ ఏమీ చేయదు, టేపు బంకనూ పీవీసీ కవర్ల పచ్చని జిడ్డునూ కరిగిస్తుంది. ప్రమాదం రుద్దడంలో ఉంది. గాజు గిన్నెలో ముంచి, తీసి, కొత్త అసిటోన్‌తో కడిగి, గుడ్డ తగలకుండా ఆరనివ్వాలి. గీత పడిన నాణేన్ని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు శుభ్రం చేసినదిగా గుర్తించి మామూలు అంకె గ్రేడ్ ఇవ్వవు. బంక మచ్చతో ఉన్న నాణెం కన్నా తుడిచిన నాణేనికి విలువ పడిపోవడం అందుకే.

రికార్డుల్లో 78 ఆర్‌పీఎం డిస్కులు ఎక్కువగా లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, కాబట్టి ఆ సీసాను వాటి గదిలోకే తేవద్దు. లోహపు బొమ్మ కార్ల మీద పెయింటు కొంత తట్టుకున్నా, ఆ పైన అచ్చొత్తిన నంబర్లు, గీతలు ఆల్కహాల్‌కే లేచిపోతాయి. చక్రాల కింద వైపు పరీక్షించి లాభం లేదు, అక్కడ ఆ అచ్చు ఉండదు. గేమ్ కార్ట్రిడ్జ్‌ల మీద తీయాల్సిన స్టిక్కర్ కింద ఉంచాల్సిన లేబుల్ కూడా స్టిక్కరే, కాబట్టి సాల్వెంట్‌ను దాని అంచు దాకా పోనివ్వకూడదు. సీడీ డబ్బా గురించి బాధపడటం మాత్రం అనవసరం, డబ్బా మార్చేయొచ్చు. విలువంతా లోపలి కాగితంలో ఉంది.

పని అయ్యాక వస్తువును వెంటనే ప్లాస్టిక్ కవరులో పెట్టేయకండి. కాగితంలో మిగిలిన సాల్వెంట్ బయటికి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది, కవరు పీవీసీ అయితే దాన్ని మెత్తబరిచి అట్టకు అంటిస్తుంది. వాసన పూర్తిగా పోయేదాకా, వీలైతే ఒక రాత్రంతా, బయట ఉంచండి. మర్నాడు మామూలు పలచని కాగితాన్ని ఆ చోట మెల్లగా ఆనించి తీయండి. ఏ మాత్రం పట్టినట్టు అనిపించినా ఇంకా బంక ఉందని అర్థం, ఇంకో బడ్ తీయాల్సిందే. అమ్మే ఉద్దేశం ఉంటే స్టిక్కర్ ఉన్నప్పటి ఫోటోను కూడా వస్తువుతో పాటే ఇవ్వండి, దేనితో శుభ్రం చేశారో ఓ ముక్క రాయండి. కొన్నవాళ్లు తర్వాత దాన్ని సంరక్షకుల దగ్గరికి తీసుకెళ్తే, వాళ్లు మొదట అడిగేది అదే.